నెలకొక చిట్టా: ఏరుకున్న సంగతులను నమ్మదగిన ఉత్తరంగా కూర్చే పద్ధతి

విజ్ఞానశాస్త్రంలోనో, పత్రికల్లోనో, ఇంటర్నెట్‌లోనో ఎదురయిన ఆసక్తికరమైన సంగతులను ఏరి, నెలకొకసారి తెలిసినవారికి ఉత్తరంగా పంపడం నాకు ఆరేళ్లుగా అలవాటు. అందుకునేవారు నలభై మంది దాకా ఉంటారు. వారిలో బంధువులు, పాత సహాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు విశ్రాంత అధ్యాపకులు ఉన్నారు. మొదటి ఏడాది నేను కంటబడినదాన్నల్లా ఊడ్చి ఉత్తరంలో పోశాను. ఒక్కొక్క ఉత్తరంలో ముప్పై లింకులు ఉండేవి, వాటిలో సగం నేనే పూర్తిగా చదివి ఉండేవాణ్ణి కాను. తప్పులు దొర్లడం, వాటిని చదువరులు ఫోన్ చేసి చెప్పడం మొదలయ్యాకే ఈ పనికి ఒక క్రమం కావాలని అర్థమైంది. ఇప్పుడు ఒక సంగతి చిట్టాకెక్కాలంటే మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి: అసలు చెబుతున్నది ఏమిటి, దాన్ని మొదట చెప్పినవారు ఎవరు, ఈ రోజున అది ఎంత గట్టిగా నిలబడి ఉంది. కింద రాసిన మెట్లన్నీ ఈ మూడు జవాబులను రాబట్టడానికి ఏర్పరచుకున్నవే.

మొదటి మెట్టు: హద్దు గీసుకోవడం

నోటుపుస్తకం మొదటి పేజీలో మీ చిట్టా ఎవరి కోసమో, అందులోకి ఏవి రాకూడదో రాసుకోండి. ఏవి రావాలో ముందుగా చెప్పడం కష్టం, ఎందుకంటే కుతూహలం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. రాకూడనివి మాత్రం తేలిగ్గా చెప్పవచ్చు. నా నిషేధాల్లో నాలుగున్నాయి: ఆ నెలలో అందరూ ఎలాగూ చూసేసిన వార్త, సినిమావారి సొంత విషయాలు, నేను చివరిదాకా చదవనిది, ఆరోగ్య చిట్కా. ఆఖరిదాన్ని ఎందుకు వదిలేశానంటే, నా ఉత్తరంలోని ఒక వాక్యాన్ని నమ్మి ఎవరైనా వేసుకుంటున్న మందు మానేస్తే ఆ భారం మోసే శక్తి నాకు లేదు. సంగతుల సంఖ్య ఏడు దాటకుండా చూసుకోండి. మొదటి నెలలో నాలుగు చాలు.

రెండవ మెట్టు: ఊటలను మీరే ఎంచుకోవడం

సామాజిక మాధ్యమాల్లో మన ముందుకు వచ్చేవాటిని మనం ఎంచుకోము. మనం ఎక్కువసేపు చూస్తామని యంత్రం లెక్కగట్టినవే వస్తాయి. అందుకని సొంతంగా ఒక జాబితా పెట్టుకుని, కొత్తది వచ్చినప్పుడు మాత్రమే కబురందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ పనికి 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే సైటులో కొత్తగా చేరినవాటి జాబితా, ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. 2013 జూలై 1న ఫీడ్లను చూపే గూగుల్ రీడర్ మూతబడినప్పుడు ఫీడ్ల కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు గాని, ఫీడ్లీ, ఇనోరీడర్ వంటి యాప్‌లలో సైటు చిరునామా అతికిస్తే చాలు, ఫీడ్ ఉంటే అదే పట్టుకుంటుంది.

జాబితాలో మూడు రకాల ఊటలు కలిసేలా చూసుకోండి. ఒకటి, పని చేసినవారే నేరుగా చెప్పేవి: ఇస్రో, నాసా ప్రకటనలు, పరిశోధనా పత్రికల విషయసూచికలు, 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టగా తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయం నడుపుతూ వచ్చిన ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల (ఇతర నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టే పత్రాల) భాండాగారం. రెండు, ఆ పనిని వివరించే మంచి విలేఖరులు. మూడవది చాలామంది మరిచిపోయేది, అంటే పాత కాగితం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. (ప్రీప్రింట్ల ఆర్కైవ్‌కూ దీనికీ సంబంధం లేదు, తెలుగులో రాస్తే రెండు పేర్లూ ఒకటే అయిపోవడం మన దురదృష్టం.) కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన భారతి మాసపత్రిక పాత సంచికలు కూడా స్కాన్ల రూపంలో దొరుకుతాయి. నా ఉత్తరాలకు ఎక్కువ జవాబులు తెచ్చిపెట్టింది ఎప్పుడూ ఈ మూడవ రకమే.

మూడవ మెట్టు: దొరికిన రోజే అయిదు వరుసలు

ఆసక్తికరమైనది కనబడగానే లింకును దాచుకోవడం అందరూ చేసే పనే. నెలాఖరున ఆ లింకుల గుట్ట ముందు కూర్చున్నప్పుడు దేన్ని ఎందుకు దాచామో గుర్తుకు రాకపోవడం కూడా అందరికీ జరిగేదే. అందుచేత లింకుతో పాటు అయిదు వరుసలు అప్పటికప్పుడే రాయండి: సంగతి ఒక్క వాక్యంలో, చూసిన చోటు, చూసిన తేదీ, ఆపాదించిన మూలం, నాకు ఎందుకు నచ్చింది. వీటిలో మొదటి వరుసే అసలు పరీక్ష. శీర్షికను ఎత్తి రాయకుండా మీ సొంత తెలుగులో ఆ వాక్యం రాయలేకపోతే విషయం ఇంకా మీకు అర్థం కాలేదన్నమాట.

నా పుస్తకంలోని ఒక నమూనా ఇది. "ఇప్పటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో, దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో బద్దలైన తోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది, ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి." చూసిన చోటు ఒక దినపత్రిక. ఆపాదించిన మూలం 2007లో సైన్స్ పత్రికలో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు ప్రచురించిన పత్రం. నచ్చిన కారణం: బస్సులో ఎన్నోసార్లు దాటిపోయిన ప్రాంతం అది.

నాలుగవ మెట్టు: మూలం దాకా నడవడం

ఈ పనిలో సగం కాలం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. "పది చోట్ల కనబడింది కాబట్టి నిజమే అయి ఉంటుంది" అనే ఆలోచనను మొదట వదులుకోవాలి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నిటినీ పోల్చి పాఠభేదాలు గుర్తింపజేశాడు. అలాంటి పనిలో ప్రతులు ఎన్ని ఉన్నాయన్నదానికంటె ఏ ప్రతి దేన్ని చూసి రాసిందన్నదే ముఖ్యం. పది సైట్లు ఒకే వార్తాసంస్థ కథనాన్ని దించుకుంటే సాక్షి ఒక్కడే అవుతాడు.

బొమ్మతో మొదలుపెడదాం, ఎందుకంటే బొమ్మను వెంబడించడం తేలిక. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం ఇలా కనిపిస్తుందంటూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో నిండిన చిత్రం ఏటా తిరుగుతుంది. దాన్ని బొమ్మను బట్టి వెతికిపెట్టే టిన్‌ఐ లేదా గూగుల్ లెన్స్‌లోకి ఎక్కించి, ఫలితాల్లో అన్నిటికంటె పాత తేదీ ఉన్నదాన్ని తెరవండి. అలా వెనక్కి వెళితే అది ఒక్క రాత్రి తీసిన ఫొటో కాదని తేలుతుంది. అమెరికా వాతావరణ ఉపగ్రహాల సమాచారం ఆధారంగా ఆ దేశపు సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రజ్ఞుడు క్రిస్ ఎల్విడ్జ్ రూపొందించిన పటం అది. 1992కు ముందే ఉన్న దీపాలకు తెలుపు, 1992లో కనబడినవాటికి నీలం, 1998 నాటివాటికి ఆకుపచ్చ, 2003 నాటివాటికి ఎరుపు వేసి, ఊళ్లు ఎలా విస్తరించాయో చూపారు. నాసా 2012 నవంబర్ 12 రాత్రి సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన అసలు చిత్రాన్ని విడుదల చేసి, పండుగ దీపాల వల్ల పెరిగే వెలుగు అంతరిక్షం నుంచి పోల్చుకోలేనంత స్వల్పమని వివరించింది. నా మటుకు అబద్ధపు కథ కంటె అసలు కథే బాగుంది: పదేళ్లలో కరెంటు దీపం ఏ పల్లెదాకా పాకిందో ఆ ఎర్రటి చుక్కలు చెబుతున్నాయి. చిట్టాలో "ఇది నకిలీ" అని రాసి వదిలేయకుండా, అది అసలు ఏమిటో రాయండి.

ఇంటర్నెట్ సంగతులకు ఇదే పద్ధతి మరికొంత ఓపికతో వర్తిస్తుంది. 2018 ఫిబ్రవరిలో "ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ను పడగొడుతోంది" అన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. చాలా కథనాలు "జ్ఞా" అనే అక్షరాన్ని చూపించాయి. అదే నిజమైతే "జ్ఞానం" అన్న మాట రాసిన ప్రతి ఫోనూ ఆగిపోవాలి కదా అన్న అనుమానం తెలుగు చదివే మనకే మొదట రావాలి. సమస్యను విప్పిచూసిన ప్రోగ్రామర్ల వివరణ చదివితే జవాబు దొరుకుతుంది: జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, చివర దీర్ఘం, ఇలా వరుసగా వచ్చినప్పుడే ఆపిల్ అక్షర కూర్పు వ్యవస్థ తడబడింది, ఇలాంటి కూర్పు బెంగాలీలోనూ అదే ఇబ్బంది తెచ్చింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది. మూలానికి వెళ్లినందువల్ల నెపం తెలుగు అక్షరం మీది నుంచి తొలగి, దాన్ని కూర్చిన ప్రోగ్రాము మీదికి వెళ్లింది.

ఇక నా సొంత తప్పు. రెండవ ఏడు ఒక ఉత్తరంలో "హీలియం మూలకాన్ని 1868లో గుంటూరులో కనుగొన్నారు" అని రాశాను. చాలా చోట్ల అలాగే ఉంది, ఊరి మీద అభిమానం కూడా తోడైంది. భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న మా మేనమామ మరునాడే ఫోన్ చేసి, "ఎవరు కనుగొన్నార్రా? ఏం చూసి కనుగొన్నారు?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే కథ ఇలా విడిపోయింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సన్ గుంటూరు వచ్చిన మాట నిజం. సూర్యుడి అంచున లేచే సౌరజ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలను చూసి, అవి గ్రహణం లేకపోయినా కనబడేటంత ప్రకాశంగా ఉన్నాయని గ్రహించి, మరునాడే అలా చూడగలగడం ఆయన ఘనకార్యం. ఆ వర్ణపటంలోని పసుపు గీతను ఆ రోజు గమనించినవారు మరికొందరున్నారు. మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళవేత్త నార్మన్ పాగ్సన్ వారిలో ఒకడు. గ్రహణంతో పని లేకుండా సౌరజ్వాలలను చూసే పద్ధతిని ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే ఏడు అక్టోబరులో విడిగా సాధించాడు. జాన్సన్, లాకియర్ ఇద్దరి వార్తలూ పారిస్‌లోని శాస్త్ర అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఆ పసుపు గీత సోడియం గీతల స్థానంలో లేదని నిర్ధారించి, కొత్త మూలకం ఉందన్న ఊహ దాకా తీసుకెళ్లింది లాకియర్. భూమి మీద హీలియంను విడదీసి చూపింది 1895లో విలియం రామ్సే. గుంటూరు పాత్ర ఇందులో చిన్నదేమీ కాదు, కాని "కనుగొన్నారు" అన్న ఒక్క క్రియ ఇరవై ఏడేళ్ల పనిని మింగేసింది. అప్పటి నుంచి "కనుగొన్నారు", "నిరూపించారు", "మొట్టమొదటి" అన్న మాటలు కనబడితే వాటి కింద గీత గీసి, ఎవరు, ఏం చూసి అని అడుగుతున్నాను.

పరిశోధన వార్తలకు ఇక్కడ ఒక సులువు ఉంది. పత్రానికి డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది, అది ఎప్పుడూ 10తో మొదలవుతుంది. వార్తాకథనం అడుగున ఆ సంఖ్య కోసం చూడండి. పత్రం మొత్తం డబ్బు కడితే గాని తెరుచుకోకపోయినా, సారాంశం మాత్రం ఉచితంగానే ఉంటుంది. ఏ మూలమూ చెప్పకుండా "శాస్త్రవేత్తలు అంటున్నారు" అని ముగిసే కథనాన్ని నేను పక్కన పెడతాను.

అయిదవ మెట్టు: ఎంత గట్టిదో పక్కన రాయడం

మూలం దొరికినంత మాత్రాన విషయం నిజమని కాదు. అందుకని ప్రతి సంగతి పక్కనా నాలుగు మాటల్లో ఒకటి రాస్తాను: స్థిరం, బలం, వాదం, పచ్చి. స్థిరం అంటే వేరువేరు బృందాలు చూసి ఒప్పుకున్నది. బలం అంటే ఇతర నిపుణుల సమీక్ష దాటి ప్రచురితమైనది. వాదం అంటే నిపుణులే విడిపోయినది. పచ్చి అంటే సమీక్షకు ముందు దశలో ఉన్నది.

పచ్చి సంగతికి ఎల్‌కే-99 కంటె మంచి పాఠం లేదు. 2023 జూలై 22న దక్షిణ కొరియా పరిశోధకులు ఆర్కైవ్‌లో ప్రీప్రింట్ పెట్టి, సీసం, రాగి, ఫాస్ఫేట్ కలిసిన ఒక పదార్థం మామూలు గది ఉష్ణోగ్రత దాటినా అతివాహకంగా, అంటే ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును పోనిచ్చేదిగా, ఉంటుందన్నారు. వారం తిరగకుండానే అయస్కాంతం మీద తేలియాడే ముక్కల వీడియోలు, రాబోయే యుగం గురించి వ్యాసాలు వచ్చాయి. ఆగస్టు మధ్యకల్లా ఇతర ప్రయోగశాలలు అసలు కారణం చూపించాయి: పదార్థంలో మలినంగా మిగిలిన కాపర్ సల్ఫైడ్ దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుంటుంది, అప్పుడు విద్యుత్ నిరోధం హఠాత్తుగా పడిపోవడం అతివాహకతలాగా భ్రమ కలిగించింది. నేను జూలై ఉత్తరంలో దీన్ని "పచ్చి" అన్న గుర్తుతోనే పెట్టాను. పెట్టినందుకు విచారం లేదు. అప్పటికప్పుడు ప్రయోగశాలలు ఎలా పోటీపడి పరీక్షిస్తున్నాయో చూడడమే అందులోని వింత.

జ్వాలాపురం విషయంలో ఒకే సంగతికి రెండు గుర్తులు పెట్టవలసి వచ్చింది. తోబా బూడిద అక్కడ ఉండడం, దాని కిందా పైనా పనిముట్లు దొరకడం బలం. ఆ పనిముట్లు చేసినవారు మనలాంటి ఆధునిక మానవులేనా (హోమో సేపియన్స్) అన్నది వాదం, ఎందుకంటే అక్కడ ఆ పొరల్లో మానవ అస్థులు దొరకలేదు, పనిముట్ల తీరును బట్టే తీర్పు చెప్పాలి. చాలా సంగతులు ఇలాగే ఉంటాయి: వాక్యం మొదటి సగం గట్టిది, రెండవ సగం మెత్తనిది. చిట్టా రాసేవారి పని ఆ అతుకు ఎక్కడుందో చూపించడం.

అంకెలున్నప్పుడు మరో రెండు తనిఖీలు చేయండి. ముప్పు "50 శాతం పెరిగింది" అంటే ఎంత నుంచి ఎంతకు అని చూడాలి. పదివేల మందిలో ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగినా అది 50 శాతమే. ప్రయోగం ఎలుకల మీద జరిగితే ఆ మాట మీ మొదటి వాక్యంలోనే ఉండాలి, చివరి వాక్యంలో కాదు.

ఆరవ మెట్టు: చెరిగిపోకుండా చూసుకోవడం

ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరువాత తెరుచుకోవడం లేదు. కాబట్టి మీరు ఆధారపడిన ప్రతి పేజీనీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అదే రోజు భద్రపరచండి. చిరునామా అతికించి మీట నొక్కితే సరిపోతుంది. ఆ సంస్థ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై కొన్ని రోజులు మూతబడింది కనుక, ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌గా మీ దగ్గర కూడా ఉంచుకోండి. ఫైలు పేరు తేదీతో మొదలుపెడితే వెతకడం తేలిక. కుదించిన లింకులు ఇవ్వకండి, పూర్తి చిరునామానే ఇవ్వండి.

ఏడవ మెట్టు: తెలుగులో రాయడం

ఒక్కొక్క సంగతికి ఎనభై నుంచి నూట యాభై మాటలు చాలు. మొదటి వాక్యంలో ఏం జరిగిందో, రెండవదానిలో ఎలా తెలిసిందో, తరువాత మీకు ఎందుకు పట్టిందో చెప్పండి. ఇంగ్లీషు కథనాన్ని పక్కన పెట్టుకుని రాస్తే వాక్యం ఇంగ్లీషు నడకే నడుస్తుంది. నోటుపుస్తకంలోని అయిదు వరుసలు మాత్రమే ముందుంచుకుని, ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు రాసి, అంకెలనూ పేర్లనూ ఆ తరువాత సరిచూసుకోవడం నాకు కుదిరిన దారి.

పరిభాష విషయంలో నాది మధ్యేమార్గం. వర్ణపటం, గ్రహణం, మూలకం వంటివి పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ వచ్చిన మాటలు కనుక వాటినే వాడతాను. ప్రీప్రింట్‌కు నేనొక సంస్కృత సమాసం తయారుచేస్తే దాన్ని మళ్లీ వివరించాలి, అందుకని అలాగే ఉంచి అర్థం చెబుతాను. బిలియన్లను మాత్రం తప్పక కోట్లలోకి మార్చండి: ఒక బిలియన్ నూరు కోట్లు, ఒక మిలియన్ పది లక్షలు. పత్రికల్లో ఈ మార్పిడి దగ్గరే సున్నాలు జారిపోతుంటాయి.

నేను మళ్లీ చదివినా మార్చాలనిపించని ఒక సంగతి ఇలా ఉంది: "1977లో బయలుదేరిన నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 2024 నాటికి భూమికి దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరం చేరింది. 2023 నవంబరు నుంచి అది అర్థం లేని సంకేతాలు పంపసాగింది. లోపం కంప్యూటర్ జ్ఞాపకంలోని ఒక చిప్‌లో ఉందని తేల్చిన నాసా ఇంజనీర్లు, ఆ చిప్‌లోని ప్రోగ్రామును ముక్కలు చేసి, ఖాళీ ఉన్న ఇతర చోట్ల సర్దారు. పంపిన ఆదేశం చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు పట్టింది. 2024 ఏప్రిల్‌లో నౌక మళ్లీ తన ఆరోగ్యం గురించి అర్థమయ్యేలా చెప్పింది. (స్థిరం)"

ఎనిమిదవ మెట్టు: కూర్పు, హక్కులు

బరువైనదాని పక్కన తేలికైనది, దూరపుదాని పక్కన మన ఊరిది పెడితే చదువరి అలసిపోడు. వాయేజర్ తరువాత ఐఫోన్ అక్షరం, దాని తరువాత జ్వాలాపురం పెట్టిన ఉత్తరాన్ని చివరిదాకా చదివామని ఎక్కువమంది చెప్పారు. బొమ్మల విషయంలో జాగ్రత్త అవసరం: నాసా చిత్రాలను సాధారణంగా మూలం పేర్కొని వాడుకోవచ్చు, వికీమీడియా కామన్స్‌లో ప్రతి బొమ్మ కింద లైసెన్సు రాసి ఉంటుంది. పత్రికల వ్యాసాన్ని పూర్తిగా దించి పంపడం తగదు, మీ మాటల్లో చెప్పి లింకు ఇవ్వండి. మన దేశంలో రచనలపై హక్కు సాధారణంగా రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్లదాకా ఉంటుందని గుర్తుంచుకుంటే, పాత తెలుగు పుస్తకాల నుంచి ఎంత తీసుకోవచ్చో కూడా తేలుతుంది.

తొమ్మిదవ మెట్టు: సవరణలు

ఉత్తరం నెలాఖరు ఆదివారం పంపాలనుకుంటే గురువారానికే రాయడం ముగించి, శుక్రవారం ప్రతి లింకునూ మళ్లీ తెరిచి, శనివారం మరొకరిచేత చదివించండి. అయినా తప్పులు వస్తాయి. వాటికి తరువాతి ఉత్తరంలో మొట్టమొదటి చోటు కేటాయించండి: ఏ నెలలో ఏమని రాశారో, ఇప్పుడు ఏమని చదువుకోవాలో, ఎవరు చెబితే తెలిసిందో రాయండి. నోటుపుస్తకం వెనక పేజీల్లో సవరణల పట్టిక ఒకటి ఉంచుకుని, ఏడాదికొకసారి "పచ్చి", "వాదం" అని గుర్తు పెట్టిన పాత సంగతుల దగ్గరికి తిరిగి వెళ్లి వాటి స్థితి మారిందేమో చూడండి. నా పట్టికలో ఇప్పటికి ఇరవై మూడు సవరణలున్నాయి, మొదటి వరుసలో గుంటూరు హీలియం ఉంది. ఆ సవరణ అచ్చయిన ఉత్తరం అందగానే మేనమామ మళ్లీ ఫోన్ చేశారు, జాన్సన్ పేరు తెలుగులో నేను రాసిన తీరు సరిగా లేదట. దాన్ని రెండవ వరుసలో చేర్చాను.